సర్కారుకూ ఒక హద్దు

1950 జనవరి 26న తెల్లవారేసరికి మన దేశంలో పైకి మారినట్టు కనిపించినవి తక్కువే. కలెక్టరు అదే కలెక్టరు, తాసీల్దారు అదే తాసీల్దారు. పోలీసులు 1861 నాటి పోలీసు చట్టం కిందే డ్యూటీకి వెళ్లారు. దొంగతనం జరిగితే 1860 నాటి శిక్షాస్మృతి కిందే కేసు కట్టారు. కోర్టుల్లో సాక్ష్యాలు 1872 నాటి చట్టం ప్రకారమే నడిచాయి. పాత చట్టాలను ఎవరైనా మార్చేదాకా, రద్దు చేసేదాకా అవి అమల్లోనే ఉంటాయని కొత్త రాజ్యాంగమే 372వ ఆర్టికల్‌లో చెప్పింది.

మరి మారిందేమిటి? జవాబు 13వ ఆర్టికల్‌లో ఉంది. పాత చట్టమైనా, రేపు చేయబోయే చట్టమైనా, ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉంటే ఆ మేరకు చెల్లదని అది చెబుతుంది. ‘ఈ చట్టం నా హక్కును కాజేస్తోంది, దీన్ని కొట్టేయండి’ అని ఒక కూలీయో, జైల్లో ఉన్న ఖైదీయో ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చే వీలు అంతకుముందు దాదాపు లేదు. ఆ రోజు నుంచి వచ్చింది. 32వ ఆర్టికల్ కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లవచ్చు, 226వ ఆర్టికల్ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. మన ఊళ్లలో ‘హైకోర్టులో రిట్ వేశాం’ అని మామూలుగా అనుకునే మాట వెనక ఉన్నది ఇదే.

రాజ్యాంగం పేరు చెప్పగానే గ్రూప్స్‌కు చదివేవాళ్లు పాలిటీ పేపర్ కోసం బట్టీ పట్టే ఆర్టికల్ నంబర్లు గుర్తుకొస్తాయి. నంబర్లు పక్కనపెట్టి అది చేసే పనేమిటో చూద్దాం. అది ప్రభుత్వాన్ని ఏర్పాటు చేస్తుంది, ఎవరికి ఎంత అధికారమో పంచుతుంది, ఆ అధికారం ఎక్కడ ఆగిపోవాలో చెబుతుంది. మొదటి రెండు పనులను బ్రిటిష్ వాళ్ల చట్టాలూ చేశాయి. మూడో పని కోసమే మనవాళ్లు దాదాపు మూడేళ్లు కూర్చున్నారని నా నమ్మకం. రాజ్యాంగాన్ని ఆ వైపు నుంచి చదివితేనే అది మన చేతికి అందుతుంది.

1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. ఆ తర్వాత 1909, 1919, 1935 చట్టాలు వచ్చాయి. అన్నీ లండన్‌లోని పార్లమెంటు చేసినవే. 1935 చట్టం వాటిలో అన్నిటికన్నా పెద్దది. గవర్నర్లు, కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాల జాబితాలు, ఫెడరల్ కోర్టు, పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, రాష్ట్రంలో పాలన కుప్పకూలితే ఏం చేయాలన్న నిబంధన అన్నీ అందులో ఉన్నాయి. మన రాజ్యాంగంలోని పరిపాలన భాగం చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. అప్పుడే కొందరు సభ్యులు ఇదేం కాపీ అని నిలదీశారు. అరువు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదని, రాజ్యాంగ సూత్రాల మీద ఎవరికీ పేటెంటు లేదని 1948 నవంబరు 4న అంబేడ్కర్ సభలో జవాబిచ్చారు.

హక్కుల భాగానికి మాత్రం మూలం లండన్ కాదు. విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం 1919లో వచ్చింది. ఆ తర్వాత 1928లో మోతీలాల్ నెహ్రూ అధ్యక్షతన ఒక కమిటీ హక్కుల పట్టిక తయారు చేసింది. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల మీద తీర్మానం చేసింది. బ్రిటిష్ వాళ్లు 1935 చట్టంలో ఆ పట్టికకు చోటివ్వలేదు. అంటే రాజ్యాంగంలో సగం పాలించినవాడి అనుభవం నుంచి, సగం జైలుకెళ్లినవాడి అనుభవం నుంచి వచ్చింది. ఈ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉండటం వల్ల వచ్చిన పెనుగులాటను ముందు ముందు చూస్తాం.

రాజ్యాంగ సభ మొదటిసారి 1946 డిసెంబరు 9న ఢిల్లీలో, ఇప్పుడు పాత పార్లమెంటు సెంట్రల్ హాలు అంటున్న చోట సమావేశమైంది. ముస్లిం లీగ్ రాలేదు. సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు, ప్రాంతీయ శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటేసినవాళ్లు ఆస్తో, చదువో, పన్ను రసీదో ఉన్నవాళ్లు. దేశంలోని పెద్దవాళ్లలో మూడో వంతు మందికి కూడా ఓటు లేని రోజులవి. సంస్థానాల నుంచి వేరుగా ప్రతినిధులు వచ్చారు. హైదరాబాద్ సంస్థానం మాత్రం ఎవరినీ పంపలేదు. తెలంగాణ జనం తరఫున ఆ సభలో మాట్లాడటానికి ఒక్క మనిషి లేకుండానే రాజ్యాంగం తయారైంది. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానా జారీ చేసి ఆ రాజ్యాంగం తన రాజ్యానికీ వర్తిస్తుందని ఒప్పుకున్నారు.

ఇది చిన్న లోపం కాదు. ఈ కారణం చూపి రాజ్యాంగం జనానిది కాదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ సభ చేసిన పని కూడా చూడాలి. కొద్దిమంది ఓట్లతో వచ్చిన సభ 326వ ఆర్టికల్‌తో 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు హక్కు ఇచ్చింది. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు, ఆడా మగా తేడా చూపలేదు. 1951-52 ఎన్నికల నాటికి ఓటర్ల జాబితాలో 17 కోట్ల మందికి పైగా చేరారు. ఆ వయసు పరిమితి 1989లో 18కి దిగింది. తాము రాసినదాన్ని మార్చే అధికారాన్ని తమను ఎన్నుకోని జనం చేతికే వాళ్లు అప్పగించారు. వాళ్ల చిత్తశుద్ధికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ తరఫున వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు గట్టివాళ్లే ఉన్నారు. ప్రకాశం పంతులు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చిన దుర్గాబాయి ఉన్నారు. ముసాయిదా సంఘంలోనూ మనవాళ్లు కనిపిస్తారు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా పూదూరులో పూజారి ఇంట పుట్టి మద్రాసు హైకోర్టులో పెద్ద వకీలైన మనిషి. తర్వాత సంఘంలో చేరిన ఎన్. మాధవరావు మచిలీపట్నంలో పుట్టారు, మైసూరు దివానుగా చేశారు. సంఘానికి అధ్యక్షుడు అంబేడ్కర్. సలహాదారు బి.ఎన్. రావు 1947 అక్టోబరుకు ఒక తొలి ప్రతి తయారు చేసిపెట్టారు. దాన్ని సరిదిద్ది 1948 ఫిబ్రవరిలో ముసాయిదా అచ్చువేసి జనం ముందు పెట్టారు. దాని మీద 7,635 సవరణలు వచ్చాయి, 2,473 సవరణల మీద సభలో చర్చ జరిగింది. ఏడుగురు సభ్యుల్లో ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, మిగిలినవాళ్లలో కొందరు వేరే పనుల్లో, వేరే ఊళ్లలో చిక్కుకుపోయారు. భారమంతా చివరికి అంబేడ్కర్ మీదే పడిందని సంఘ సభ్యుడు టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పారు. 1949 నవంబరు 26న సభ దాన్ని ఆమోదించింది. అప్పటికి 395 ఆర్టికల్స్, 8 షెడ్యూళ్లు.

ఇంత పెద్ద పుస్తకంలో ఒక్క చోటు దగ్గర నిలబడి చూద్దాం. అది 21, 22 ఆర్టికల్స్.

ఎవరి ప్రాణాన్నయినా, వ్యక్తి స్వేచ్ఛనైనా హరించాలంటే ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ ప్రకారమే చేయాలని 21వ ఆర్టికల్ చెబుతుంది. మొదటి ప్రతిలో మాట ఇది కాదు. అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు ‘డ్యూ ప్రాసెస్’ అని ఉండేది. దాని కింద చట్టం ఉందా లేదా అని మాత్రమే కాక, ఆ చట్టం న్యాయమైనదేనా అని కూడా జడ్జి అడగవచ్చు. 1947 చివర్లో బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. నలుగురైదుగురు జడ్జీలు కూర్చుని ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం మంచిది కాదని ఆయన హెచ్చరించారు. భూసంస్కరణల చట్టాలు కోర్టుల్లో చిక్కుకుంటాయన్న భయం ఇక్కడా ఉంది. అల్లాడి మార్పు వైపు మొగ్గారు, ముసాయిదా సంఘంలోనే ఉన్న కె.ఎం. మున్షీ వద్దన్నారు. 1948 డిసెంబరులో సభలో వాదోపవాదాలు జరిగినప్పుడు అంబేడ్కర్ ఎటూ గట్టిగా నిలబడలేదు. శాసనసభను పూర్తిగా నమ్మలేం, కొద్దిమంది జడ్జీలనూ పూర్తిగా నమ్మలేం, తేల్చుకోవడం కష్టమని ఒప్పుకున్నారు. చివరికి ‘డ్యూ ప్రాసెస్’ పోయింది.

పోయినదానికి బదులుగా 1949 సెప్టెంబరులో అంబేడ్కరే ఇంకో ఆర్టికల్ తెచ్చారు. అదే ఇప్పటి 22. దాని మొదటి రెండు క్లాజులు ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సినవి. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. తనకు నచ్చిన వకీలును కలిసే అవకాశం ఇవ్వాలి. 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే మినహాయింపు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా ఆ తర్వాత ఒక్క పూట కూడా స్టేషన్‌లో ఉంచకూడదు. మనిషిని తీసుకెళ్లి ఎక్కడ పెట్టారో చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. మనిషిని మా ముందుకు తెచ్చి నిలబెట్టమని కోర్టు ఆదేశిస్తుంది.

అదే ఆర్టికల్ మూడో క్లాజు నుంచి స్వరం మారుతుంది. ముందస్తు నిర్బంధం కింద పట్టుకున్నవాళ్లకు పై రక్షణలు వర్తించవని అది చెబుతుంది. ముందస్తు నిర్బంధమంటే చేసిన నేరానికి కాదు, చేస్తాడేమో అన్న అనుమానానికి లోపల వేయడం. అలా మూడు నెలల వరకు, హైకోర్టు జడ్జి స్థాయి వాళ్లుండే సలహా మండలి కూడా చూడకుండా ఉంచవచ్చు. బ్రిటిష్ వాళ్ల జైళ్లలో ఇలాగే మగ్గినవాళ్లు ఆ సభ నిండా ఉన్నారు. మహావీర్ త్యాగి అనే సభ్యుడు లేచి, ముసాయిదా రాసినవాళ్లు జైలు అనుభవం చూసి ఉంటే ఇలా రాసేవాళ్లు కాదని మండిపడ్డారు. విభజన రక్తపాతం, తెలంగాణలో సాయుధ పోరాటం, కశ్మీరులో యుద్ధం చూస్తున్న ప్రభుత్వం మాత్రం వెనక్కి తగ్గలేదు.

ఫలితం వెంటనే కనిపించింది. 1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే ఏడాది మేలో తీర్పు వచ్చింది. చట్టమంటూ ఒకటి ఉంది, అందులో పద్ధతి ఉంది, అది న్యాయమా కాదా అన్నది మా పని కాదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో కోర్టు తన మాట మార్చుకుంది. పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయంగా, సబబుగా ఉండాలంది. ఫ్రాంక్‌ఫర్టర్ తీయించిన మాట ముప్పై ఏళ్ల తర్వాత తీర్పు ద్వారా లోపలికి వచ్చింది. ముందస్తు నిర్బంధం మాత్రం పోలేదు. మన పేపర్లలో ‘పీడీ యాక్ట్ పెట్టారు’ అని చదివే వార్త దాని సంతానమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన ఆ చట్టం రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చింది. మామూలు క్రిమినల్ కేసు సరిపోయే చోట కూడా తెలంగాణలో దాన్ని వాడేస్తున్నారని 2023లో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది.

హక్కులన్నీ సర్కారు మీదే అనుకుంటే పొరపాటు. కొన్ని ఆర్టికల్స్ ఊరి పెద్దల మీద, దొరల మీద, పక్కింటివాళ్ల మీద కూడా పనిచేస్తాయి. 17వ ఆర్టికల్ అంటరానితనాన్ని రద్దు చేసి, ఏ రూపంలో పాటించినా నేరమంది. బావులు, చెరువులు, రోడ్లు, హోటళ్లు, దుకాణాల దగ్గర కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని 15వ ఆర్టికల్ చెబుతుంది. 23వ ఆర్టికల్ వెట్టిని నిషేధించింది. దొర గడిలో కూలి లేకుండా చాకిరీ చేసిన తెలంగాణ పల్లెలకు ఆ ఒక్క ఆర్టికల్ ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు. అయితే కాగితం మీద ఉన్నంత మాత్రాన హక్కు ఊరిదాకా నడిచి రాదు. 17వ ఆర్టికల్ వచ్చిన 35 ఏళ్లకు, 1985లో కారంచేడులో దళితులను వెంటాడి చంపారు. ఆ నెత్తురు, దాని మీద లేచిన ఉద్యమం 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టానికి దారి తీసిన కారణాల్లో ఒకటి. ఆ చట్టం వచ్చాక కూడా 1991లో చుండూరులో దళితుల ఊచకోత జరిగింది.

ప్రాథమిక హక్కుల తర్వాత వచ్చే ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ రాజ్యాంగం చూసి రాసుకున్నవి. వాటిని అమలు చేయమని కోర్టుకెళ్లే వీల్లేదు. పనికిరానివని కొట్టిపారేసేవాళ్లు ఒక్క చదువు సంగతి చూడాలి. 14 ఏళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత విద్య అందించే ప్రయత్నం చేయాలని 45వ ఆర్టికల్ చెప్పింది. పదేళ్లు పోయాయి, నలభై ఏళ్లు పోయాయి. ప్రైవేటు కాలేజీల ఫీజుల గొడవ మీద ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే పట్టుకుని, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. 2002లో 86వ సవరణతో అది 21ఎ ఆర్టికల్‌గా పుస్తకంలోకి ఎక్కింది. ఊరి పంచాయతీలదీ ఇలాంటి కథే. ముసాయిదాలో గ్రామానికి చోటే లేదు. ప్రకాశం పంతులు, రంగా లాంటివాళ్లు పట్టుబడితే 40వ ఆర్టికల్‌గా ఒక వాక్యం చేరింది. ఆ వాక్యం 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణతో సర్పంచ్ ఎన్నికలుగా, మహిళా రిజర్వేషన్‌గా మారింది.

ఇక ప్రభుత్వ నిర్మాణం. రాష్ట్రపతి పేరు మీద అంతా జరుగుతుంది, నిర్ణయాలు మంత్రివర్గానివి. మంత్రివర్గం లోక్‌సభకు జవాబుదారీ. రాష్ట్రాల్లో గవర్నర్, ముఖ్యమంత్రి, శాసనసభ అదే పద్ధతి. ఇక్కడ కూడా హద్దు ఎక్కడన్నదే అసలు ప్రశ్న. మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారని 164వ ఆర్టికల్‌లో ఉంది. అక్షరాలా తీసుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లు 1984 ఆగస్టులో చూశారు. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చిన ఎన్టీఆర్‌ను మెజారిటీ పోయిందంటూ గవర్నర్ రామ్‌లాల్ పదవి నుంచి తీసేశారు. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పదేళ్ల తర్వాత బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది: మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదు.

కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాల పంపకం ఏడో షెడ్యూలులో ఉంది. రక్షణ, రైల్వే, కరెన్సీ కేంద్రానివి. పోలీసు, వైద్యం, భూమి, వ్యవసాయం రాష్ట్రాలవి. చదువు, అడవులు ఉమ్మడివి. అవి మొదట రాష్ట్రాల చేతిలో ఉండేవి, 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వెళ్లాయి. ఉమ్మడి జాబితాలో ఇద్దరి చట్టాలూ ఢీకొంటే సాధారణంగా కేంద్రానిదే పైచేయి. పంపకం సమానం కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఆ అసమానత అన్నిటికన్నా బాగా కనిపించేది 3వ ఆర్టికల్‌లో. రాష్ట్రాలను కలపడం, విడదీయడం, సరిహద్దులు మార్చడం పార్లమెంటు చేతిలో ఉంది. బిల్లును సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి, కానీ ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పనిలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ, మూడూ ఈ దారిలోనే వచ్చాయి. 2014 జనవరిలో ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. రాజ్యాంగాన్ని తుంగలో తొక్కారని ఒకవైపు, రాజ్యాంగం ప్రకారమే జరిగిందని ఇంకోవైపు వాదించుకున్నారు. పుస్తకంలో ఉన్న అక్షరం మాత్రం పార్లమెంటు వైపే ఉంది. సంస్థానాలు, ప్రావిన్సుల హద్దులు ఇంకా కుదురుకోని రోజుల్లో రాసిన ఆర్టికల్ అది. శాసనసభ మాటకు ఇంకాస్త బరువు ఉండాల్సిందన్నది నా అభిప్రాయం. అయితే రాష్ట్రంలో తక్కువ సంఖ్యలో ఉన్న ప్రాంతం విడిపోవాలనుకుంటే, ఎక్కువ సంఖ్యలో ఉన్న ప్రాంతం చేతిలో వీటో పెట్టడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి.

371-డి మరో తెలుగు ఆర్టికల్. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో 32వ సవరణతో వచ్చింది. ఉద్యోగానికి, కాలేజీ సీటుకు లోకల్, నాన్ లోకల్ అని మన పిల్లలు స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని తిరగడం వెనక ఉన్నది ఆ ఆర్టికలే.

రాజ్యాంగాన్ని మార్చడం ఎలాగో 368వ ఆర్టికల్ చెబుతుంది. ఉభయసభల్లో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. రాష్ట్రాల అధికారాలకు సంబంధించినదైతే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి, జీఎస్టీ సవరణకు అలాగే జరిగింది. 2023 నాటికి 106 సవరణలు వచ్చాయి. మొదటిది 1951లోనే. మద్రాసు ప్రభుత్వం కులాలవారీగా కాలేజీ సీట్లు పంచిన జీవోను చంపకం దొరైరాజన్ కేసులో కోర్టు కొట్టేయడంతో, వెనుకబడిన వర్గాల కోసం 15(4) చేర్చారు. ఈ రోజు బీసీ రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకునే ప్రతి విద్యార్థికీ ఆ సవరణే ఆధారం. సవరణ అంటేనే రాజ్యాంగాన్ని పాడుచేయడమని అనుకోకూడదనడానికి ఇదే మంచి ఉదాహరణ.

మరి మూడింట రెండొంతుల మెజారిటీ ఉంటే దేన్నైనా మార్చేయవచ్చా? 1967లో గోలక్‌నాథ్ కేసులో ఈ ప్రశ్న తేలాల్సి వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 11 మంది జడ్జీల్లో ఆరుగురు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. 1971లో పార్లమెంటు 24వ సవరణతో ఆ అధికారాన్ని తిరిగి రాసుకుంది. కేరళ భూసంస్కరణల మీద ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి వేసిన కేసు 13 మంది జడ్జీల ముందుకొచ్చింది. 68 రోజుల పాటు వాదనలు జరిగాయి. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరోవైపుగా తీర్పు వచ్చింది. పార్లమెంటు ఏ ఆర్టికల్‌నైనా సవరించవచ్చు, ప్రాథమిక హక్కులతో సహా. కానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. మరునాడే ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి, తీర్పుతో విభేదించిన ఎ.ఎన్. రేను ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఆ ముగ్గురూ మెజారిటీలో ఉన్నవాళ్లే.

మౌలిక స్వరూపం అన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. ఎన్నికకాని జడ్జీలు పార్లమెంటుకు హద్దు గీయడమేమిటని అడిగేవాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. నేను మాత్రం ఆ తీర్పు వైపే ఉన్నాను. కారణం ఆ తర్వాతి నాలుగేళ్లు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రధాని ఎన్నికను కోర్టులు విచారించకుండా 39వ సవరణ చేశారు, మౌలిక స్వరూపం పేరుతోనే ఆ భాగం పోయింది. 42వ సవరణతో లోక్‌సభ గడువును ఆరేళ్లకు పెంచారు, సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని రాసుకున్నారు. ఆ రెండో మాటను 1980లో మినర్వా మిల్స్ కేసు తుడిచేసింది. కేశవానంద తీర్పే లేకపోతే, ఒకసారి పెద్ద మెజారిటీ వచ్చినవాళ్లు ఎన్నికలను కూడా సవరణతో వాయిదా వేసుకోగలిగేవాళ్లు.

అయితే కోర్టు ప్రతిసారీ నిలబడలేదు. 1976 ఏప్రిల్‌లో, జైళ్లు నిండిపోయి ఉన్నప్పుడు, ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కు ఎవరికీ లేదని ఐదుగురిలో నలుగురు జడ్జీలు తీర్పిచ్చారు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన ఆయన్ని దాటేసి జూనియర్‌కు పదవి ఇస్తే, ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో, గోప్యత హక్కు కేసులో ఒప్పుకుంది.

ఎమర్జెన్సీ పోయాక వచ్చిన జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణ చేసింది. 20, 21 ఆర్టికల్స్‌ను ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి వీల్లేదంది. లోక్‌సభ గడువును మళ్లీ ఐదేళ్లకు దించింది. అందులోనే సెక్షన్ 3 ఒకటుంది. ముందస్తు నిర్బంధంలో సలహా మండలి చూడకుండా ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించి, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతోనే ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం పెట్టారు. అమల్లోకి వచ్చే తేదీని నోటిఫై చేసే పని కేంద్ర ప్రభుత్వానికి వదిలారు. ఆ నోటిఫికేషన్ రాలేదు. ఆ తేదీ ప్రకటించమని ప్రభుత్వాన్ని మేం ఆదేశించలేమని 1981లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ఆ తర్వాత కాంగ్రెస్, జనతాదళ్, యునైటెడ్ ఫ్రంట్, బీజేపీ ప్రభుత్వాలు వచ్చాయి. రాజ్యాంగం అచ్చు ప్రతిలో 22వ ఆర్టికల్ కింద ఫుట్‌నోటుగా, చిన్న అక్షరాల్లో ఆ సెక్షన్ ఇంకా కనిపిస్తుంది.

తెలుగులో రాజ్యాంగం దొరుకుతుంది. 14 నుంచి 32 దాకా ముందు చదవండి, ఒక సాయంత్రం చాలు. ఈసారి ఎంపీ అభ్యర్థి మీ వీధికి ఓటడగడానికి వచ్చినప్పుడు, రోడ్డు, డ్రైనేజీతో పాటు 44వ సవరణ సెక్షన్ 3 ఎప్పుడు నోటిఫై చేయిస్తారో కూడా అడగండి.